విదేశీ బృందంతో కలిసి ఇంటర్ పిల్లల మానసిక ఆరోగ్య సర్వే: ఒప్పుకునే ముందు ఏమి అడగాలి?

గుంటూరు కౌన్సెలర్:
ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో కౌన్సెలర్‌ని. మా హాస్టల్ పిల్లల్లో కుంగుబాటుపై సర్వే చేద్దామని ఇంగ్లండు నుంచి ఒక విశ్వవిద్యాలయ బృందం అడుగుతోంది. పిల్లలతో ట్యాబ్‌లో పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం) నింపిస్తే చాలునట, విశ్లేషణ అంతా వాళ్లదే. విదేశీ విశ్వవిద్యాలయం అనేసరికి ప్రిన్సిపాల్ గారికి కాలు నేల మీద నిలవడం లేదు. పిల్లలందరి తరఫున తానే సంతకం పెడతానంటున్నారు. జనవరిలో మొదలట. నాకే ఎందుకో మనసు ఒప్పడం లేదు. ఇలాంటి పనులు చేసినవారు చెప్పండి, వాళ్లను ఏమేమి అడగాలి?

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:
మేడమ్, ముందు ఆ సంతకం ఆపండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వారికి సాధారణంగా తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, పిల్లల అంగీకారం విడిగా తీసుకోవాలి. ఇంగ్లండులో 16 నిండితే వైద్యానికి తామే ఒప్పుకోవచ్చు కనుక వాళ్లకు ఈ చిక్కు తట్టి ఉండదు. హాస్టల్‌కు తల్లిదండ్రులు వచ్చే ఆదివారం చూసుకోండి. టిఫిన్ డబ్బాలు విప్పుకుని చెట్ల కింద కూర్చున్నప్పుడు, ఒక్కొక్క కుటుంబం దగ్గరకు వెళ్లి చదివి వినిపించండి. విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధనకు ఇక్కడి ఎథిక్స్ (నైతిక పరిశీలన) కమిటీతోపాటు కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా అవసరం. దానికి దరఖాస్తు చేసింది ఎవరో అడగండి.

క్షేత్ర పర్యవేక్షకుడు, అనంతపురం:
కాగితాలు సరే. తొమ్మిదో ప్రశ్న మాటేమిటి? చనిపోతే బాగుండునని, తనకు తాను హాని చేసుకోవాలని గత రెండు వారాల్లో అనిపించిందా అని అడిగేది అదే. ఒక అమ్మాయి ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కిందనుకోండి. మనకు ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో వాళ్లకు తెల్లవారుజామున నాలుగు. జవాబు సర్వర్‌కు చేరుతుంది, చూడాల్సిన మనిషి నిద్రలో ఉంటాడు. ఆ రోజే ఆమెతో కూర్చునేది ఎవరు, ఏ సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్తారు, ఇంటికి ఫోను చేసేది ఎవరు? పేర్లతో సహా రాసివ్వమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఇస్తామంటారు. మంచి సేవే, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది. కానీ వార్డెన్ ఫోను కోసం వరుసలో నిలబడే పిల్లకు ఆ చీటీ ఏమి పనికొస్తుంది?

ఇంకొకటి. ‘మీరు చెప్పింది ఎవరికీ చెప్పం’ అని ఫారంలో ఉంటే కొట్టేయించండి. లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయక తప్పదు.

విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో కౌమారుల కోసం జరిగిన ఆర్టెమిస్ అధ్యయనంలో ఆశా కార్యకర్తలను, ప్రాథమిక స్థాయి వైద్యులను మొదటి నుంచీ కలుపుకున్నారు. కుంగుబాటు ఉందని తేలినవారిని ఎక్కడికి పంపాలన్నది ఆ అధ్యయనంలోనే భాగం. మీవాళ్లది లెక్కపెట్టి వెళ్లిపోయే పనిలా ఉంది.

గుంటూరు కౌన్సెలర్:
ఫోను సంగతి నిజమే సర్. మరి జనవరి?

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:
వద్దే వద్దు. ప్రీఫైనల్స్ నడుస్తూ ప్రాక్టికల్స్ దగ్గరపడుతుంటే గత రెండు వారాలు ఎలా ఉన్నాయని అడిగితే పరీక్షల భయమే చెబుతారు. దాన్ని ఇంకో దేశపు మామూలు రోజులతో పోల్చి మన పిల్లలకు కుంగుబాటు ఎక్కువని రాసేస్తారు. డేటా ప్రతి ఇక్కడా ఉండాలని, పరిశోధన వ్యాసంలో మీ పేరూ ఉండాలని ముందే ఒప్పందంలో రాయించండి. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం చూడండి: ఆంధ్ర, తెలంగాణ, ఇథియోపియా, పెరు, వియత్నాంలలో 2002 నుంచి అవే పిల్లల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్తున్నారు. కొవిడ్ కాలంలో ఫోనులో ఆందోళన, కుంగుబాటు గురించి అడగగలిగారంటే అన్నేళ్ల పరిచయం ఉండబట్టే.

గుంటూరు కౌన్సెలర్:
ఇవన్నీ రాసి పంపాను. సర్వేను ఆగస్టుకు మార్చడానికి ఒప్పుకున్నారు. వ్యాసంలో పేరుకూ అభ్యంతరం లేదట. సైకియాట్రిస్టు ఖర్చుకు బడ్జెట్‌లో పద్దు వేయమన్నదానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. అది తేలేదాకా ఫైలు నా బల్ల మీదే ఉంటుందని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను.