రేకుల మీద కొబ్బరికాయ పడితే నాన్న ఉలిక్కిపడుతున్నారు

అమలాపురం కుర్రాడు:
మా నాన్నగారు 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో ఉన్నారండి. దీపావళికి ఊరంతా టపాసులు మోగినా అరుగు మీద కూర్చుని చూస్తారు. రాత్రిపూట షెడ్డు రేకుల మీద కొబ్బరికాయ పడిందా, మంచం దిగి గోడ వారన కూర్చుండిపోతారు. మొన్న పావుగంట లేవలేదు. అడిగితే ‘ఏం లేదురా, పడుకో’ అంటారు. ఇన్నేళ్లయినా ఇలా ఉంటుందా?

మాజీ హవల్దారు, పాలకొల్లు:
ఉంటుంది బాబూ. టపాసులు వేరు, వత్తి అంటించడం చూస్తాం. కాయ చెప్పి పడదు.

ఆ వేసవిలో నేనూ అక్కడే. తొలోలింగ్ శిఖరం మనకి దక్కింది జూన్ 13న. అంతవరకు పైనున్న పాక్ వాళ్లకి కింద శ్రీనగర్–లేహ్ రోడ్డు కనపడేది. మన లారీలు రాత్రిళ్లు లైట్లు ఆర్పుకుని వెళ్లేవి. గునపం వేస్తే ఖంగుమనే నేల. రాళ్లు పేర్చుకుని వాటి వెనక నక్కేవాళ్లం. గుండు పడ్డచోట పగిలిన రాయి కూడా గుండుముక్కే. మన బోఫోర్స్ ఫిరంగి గుండు 40 కిలోల పైనే, ధాన్యం బస్తాలో సగం దాటి. అది నెత్తి మీదుగా అటు పోతుంటే ధైర్యం. అటునుంచి వచ్చే మోర్టారు గుండుకి ఈల కూడా సరిగ్గా వినపడదు.

ఒకరోజు టీ మగ్గు చేతిలో ఉండగా మొదలైంది. నేనేం చేశానో తెలుసా, దుమ్ము పడకుండా మగ్గు మీద చెయ్యి మూశాను! తల సంగతి వదిలేసి టీ కాపాడుకున్నాను. ఆగాక వేళ్లు మగ్గుని వదల్లేదు, పక్కవాడు ఒక్కొక్కటే విప్పాడు. అరచెయ్యి బొబ్బ. అప్పుడొచ్చింది భయం, మోకాళ్లలోకి. ఇంటికి మాత్రం ‘ఇక్కడ చలి ఎక్కువ’ అని రాశాను.

ఆయన అలా కూర్చున్నప్పుడు వెనకనుంచి భుజం తట్టకు. లైటు వేసి, ఎదురుగా వచ్చి పిలువు. నిద్ర బొత్తిగా పోతే డాక్టరుకి చూపించాల్సిందే.

గూడెం నుంచి:
మాది మిలటరీ మాధవరం పక్కనే, సైన్యంలోకి వెళ్లేవాళ్లకి పేరుపడ్డ ఊరు అది. మా తాత బర్మా వెళ్లొచ్చినవాడు. యుద్ధం గురించి అడిగితే తిట్టేవాడు. అక్కడ అన్నం ఎలా ఉండేది తాతా అంటే మాత్రం గంట చెప్పేవాడు. బాంబులు మధ్యలో అవే వచ్చేవి.

అమలాపురం కుర్రాడు:
థాంక్సండి హవల్దారు గారూ. నిన్న షెడ్డు మీదకి వాలిన రెండు చెట్లకీ కాయల దింపు తీయించేశాను. ‘నెల కూడా కాలేదు, అప్పుడే దింపేంట్రా?’ అన్నారు నాన్న. ఎలకలు కొడుతున్నాయని చెప్పాను.