కలపడం: మాట ఒకటి, పనులు రెండు

అమలాపురం నుంచి: రైస్ మిల్లు లెక్కలు ఎక్సెల్‌లో పట్టికలు సర్దే పవర్ క్వెరీలోకి ఎక్కించి, కుర్రాళ్లకి తెలుగులో నేర్పుతున్నాను. సార్వా పట్టిక కిందే దాళ్వా పట్టిక చేర్చడం అపెండ్. రైతు ఖాతా నంబరు చూసి, పక్కన బ్యాంకు వివరాలు తగిలించడం మెర్జ్. రెండింటికీ "కలుపు" అనే అంటున్నాను. మొన్న ఒకడు అపెండ్ చేయాల్సిన చోట మెర్జ్ చేశాడు. తప్పు వాడిది కాదు, నా మాటది. వేరే మాటలుంటే చెప్పండి.

తణుకు నుంచి: మొదటిది "కుప్ప వేయడం". పన మీద పన, అంతే.

అమలాపురం: అంత తేలిక కాదండీ. అపెండ్ వెనక పనిచేసే టేబుల్.కంబైన్ అనే ఫంక్షన్ కాలమ్ పేరు చూసి సర్దుతుంది. మా సార్వా షీటులో "బస్తాలు" అని ఉంది. దాళ్వా షీటులోనూ అదే, కానీ చివర ఒక ఖాళీ పడింది. కంటికి ఒకటే. అది మాత్రం రెండు కాలమ్‌లు చేసి, దాళ్వా అంకెలు పక్కదాంట్లో పడేసి, మిగతాచోట నల్, అంటే ఏ విలువా లేదనే గుర్తు, పెట్టింది. సాయంత్రం దాకా మొత్తం తేలలేదు, ఒకటే టెన్షన్.

రాజోలు నుంచి: అయితే "గుదిగుచ్చడం" అనండి. దారం ప్రతి పువ్వులోంచీ పోవాలి, ఆ దారమే కాలమ్ పేరు. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లో పట్టిక కింద పట్టిక చేర్చే యూనియన్ ఆల్‌కి మాత్రం కుప్పే నప్పుతుంది. అది పేర్లు చూడదు, మొదటి కాలమ్ కింద మొదటిది పేర్చుకుపోతుంది. ఆల్ మర్చిపోయారో, అచ్చంగా ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటే మిగులుతుంది. షీటులో తేదీ, పేరు, బస్తాలే ఉండి, ఒకే రైతు ఒకేరోజు నలభై బస్తాలు రెండుసార్లు తోలితే ఒక లోడు గల్లంతే!

నరసాపురం నుంచి: ఆయ్, మెర్జ్‌కి మన దగ్గర మాట ఎప్పట్నుంచో ఉందండీ: "వరస కలపడం". బస్సులో పక్కాయన "ఏ ఊరండీ, ఇంటిపేరేంటండీ" అని మొదలెట్టి, దిగేలోపు బాబాయి అయిపోతాడు చూడండి, అదే. ఊరూ ఇంటిపేరూ రెండూ చూడాలి. ఇంటిపేరొక్కటే పట్టుకుంటే అందరూ చుట్టాలే, ఒక్క వరుసకి పది వరుసలు తగులుకుంటాయి.

అమలాపురం: నవ్వాగలేదు. మరి మెర్జ్‌లో లెఫ్ట్ అవుటర్ అనే రకానికి, అదే ఎడమ పట్టిక వరుసలన్నీ ఉంచేదానికి?

నరసాపురం: వరస కలిసినా కలవకపోయినా మనవాళ్లందరూ బంతిలో కూర్చుంటారు. చుట్టం దొరకనివాడి పక్క ఆకు ఖాళీ.