గేర్‌బాక్స్ మా అబ్బాయి డ్రైవింగ్ తీరు నేర్చుకుని పాడైందట, నిజమేనా?

బెజవాడ_మాస్టారు: ఏడేళ్ల ఆటోమేటిక్ కారు, 92 వేల కిలోమీటర్లు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే రెండో గేర్ నుంచి ఒకటికి దిగుతూ ధడ్‌మంటోంది, సీటు వెనక ఎవరో తన్నినట్టు. సర్వీస్ వాళ్లు ఇంట్లో ఇంకెవరు నడుపుతారని అడిగారు. మా అబ్బాయి అన్నాను. "అదే సార్, గేర్‌బాక్స్ ఆయన డ్రైవింగ్ నేర్చేసుకుంది, దింపాలి, లక్షన్నర" అన్నారు. బ్యాటరీ తీసి పెడితే మర్చిపోతుందా?

నల్లమబ్బు: మైనస్ వైరు తీసి పది నిమిషాలు ఆగండి. అంతే.

పాత_డీజిల్: పది చాలదు, అరగంట.

గ్రీజు_చేతులు: మాస్టారూ, గేర్‌బాక్స్ నేర్చుకునేవి రెండు. ఒకటి మన కాలు. యాక్సిలరేటర్ ఎంత గట్టిగా తొక్కుతున్నాం, బ్రేక్ ఎలా వేస్తున్నాం చూసి గేర్ ముందు వేయాలా, ఆగి వేయాలా అని తేల్చుకుంటుంది. చాలా కార్లలో ఇది కాసేపటి ముచ్చట. నెమ్మదిగా నడిపితే అదీ నెమ్మదిస్తుంది. రెండోది తన ఒళ్లు తాను చూసుకోవడం. గేర్ మారాలంటే ఒక క్లచ్ వదలాలి, ఇంకోటి పట్టాలి. పట్టే క్లచ్‌లోకి ఆయిల్ నిండాలి. ప్లేట్లు అరిగితే నిండడానికి టైమ్ పడుతుంది. ఇంజిన్ నుంచి లోపలికొచ్చే షాఫ్టు, చక్రాల వైపు బయటికెళ్లే షాఫ్టు ఎంత స్పీడుగా తిరుగుతున్నాయో సెన్సార్లతో కొలిచి, ఆలస్యమైతే తర్వాతిసారి ప్రెషర్ మార్చుకుంటుంది. మీ ధడ్ ఈ రెండో లెక్క కుదరక వచ్చేది. దానికి మీ వాడితో పనిలేదు.

బెజవాడ_మాస్టారు: పనిలేకపోవడమేంటి? 1994లో మిత్సుబిషి ఎఫ్‌టీఓ కారు గేర్‌బాక్స్ డ్రైవర్ అలవాటు నేర్చుకుంటుందని కంపెనీయే చెప్పుకుంది. నేనూ చదివాను.

గ్రీజు_చేతులు: అబద్ధమని నేనెక్కడన్నాను? గేర్ ఎప్పుడు మార్చాలో నేర్చుకుంటుంది. తన్నడం నేర్చుకోదు.

నల్లమబ్బు: బ్యాటరీ తీశారా?

గ్రీజు_చేతులు: చాలా కార్లలో ఆ లెక్కలు కరెంటు లేకపోయినా చెరగవు. చెరిగే కార్లలో మళ్లీ నేర్చుకునేదాకా ఇంకా ఎక్కువ తంతుంది. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి చూడాలి. ముందు ఇది చెప్పండి, గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?

బెజవాడ_మాస్టారు: మార్చలేదు. జీవితాంతం అదే చాలన్నారు.

గ్రీజు_చేతులు: ఎవరి జీవితాంతం అండీ? గేర్‌బాక్సులు తయారు చేసే జెడ్‌ఎఫ్ వాళ్లే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. లెవెల్ చూడకుండా, ఆయిల్ రంగు చూడకుండా మీ పిల్లాడి మీదకి తోశారు.

బెజవాడ_మాస్టారు: మీరు మెకానిక్కులు, ఎన్నైనా అంటారు! వాడు నడిపే తీరు మీకు తెలీదు. సిగ్నల్ పడితే రాకెట్టే. మూడు నెలల కింద తాళం లాక్కున్నాను. అప్పట్నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు.

గ్రీజు_చేతులు: మూడు నెలలుగా ఎవరు నడుపుతున్నారు?

బెజవాడ_మాస్టారు: నేనే.

గ్రీజు_చేతులు: ధడ్ తగ్గిందా?

బెజవాడ_మాస్టారు: పెరిగింది.

పాత_డీజిల్: 🙂

గ్రీజు_చేతులు: మీ వాడి అలవాటే అయితే మీ కాలు కింద ఎప్పుడో మర్చిపోవాలి కదా.

బెజవాడ_మాస్టారు: సరే, సోమవారం ఆయిల్ చూపిస్తాను. తాళం మాత్రం ఇవ్వను. బీటెక్ అయి రెండేళ్లు, రోజంతా నా కారులో నా పెట్రోల్‌తో తిరగడమే. ఉద్యోగం రానీ, అప్పుడు చూద్దాం.

గ్రీజు_చేతులు: ఆ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది మాస్టారూ.

నల్లమబ్బు: ఇంతకీ బ్యాటరీ తీసి చూశారా లేదా?