నీవారశూకం: మన వడ్లకి లేని ముల్లు

ప్రశ్న: మంత్రపుష్పంలో “నీవారశూకవత్తన్వీ పీతా భాస్వత్యణూపమా” అని వస్తుంది కదండీ. ఒక తాత్పర్యంలో “వరి గింజ ముల్లులా సన్నగా” అని రాశారు. మా చేలో వడ్లకి ముల్లే కనపడదు. నీవారం అంటే మామూలు వరేనా?

జవాబు: కాదండీ. నీవారం అంటే అడవి వరి, తెలుగులో నివ్వరి. అమరకోశం “తృణధాన్యాని నీవారాః” అంటుంది. దున్నకుండా, చల్లకుండా కుంటల్లో, చెరువుల అంచుల్లో దానంతటదే మొలుస్తుంది. ఉత్తరాదిన ఉపవాసం రోజుల్లో తినే తిన్నీ బియ్యం ఇదే. శూకం గింజ కొసన ఉండే ముల్లు. నివ్వరికి అది గింజ కంటే చాలా పొడుగు, వెంట్రుకలా సన్నం. హృదయంలోని అగ్నిశిఖ ఎంత సూక్ష్మమో చెప్పడానికి ఆ ఉపమానం. ఊరికే “వరి” అని రాస్తే మీలాంటి వాళ్లకి అది ఎలా కనపడుతుంది?

ఆ ముల్లు నివ్వరికి ప్రాణాధారం. దాని మీది సన్నటి గరుకుతో జంతువుల బొచ్చుకి అంటుకుని గింజ దూరం పోతుంది, మట్టిలోకి దిగుతుంది. పిట్టలకి తినడం కష్టం. గింజ పండగానే రాలిపోవడం కూడా అందుకే. రాలితేనే అడవిలో మళ్లీ మొలకెత్తేది. మనిషి కొడవలి పట్టాక కథ తిరగబడింది. రాలింది నేలపాలైంది, కంకిని వదలని గింజ ఇంటికొచ్చి మరుసటి ఏడు విత్తనమైంది. ఎవరూ పనిగట్టుకుని ఎంచకుండానే ఇదంతా జరిగింది. ఈ రాలే గుణం తగ్గడంలో ఎస్‌హెచ్‌4 అనే జన్యువులోని ఒక చిన్న మార్పుది పెద్ద పాత్ర అని 2006లో తేల్చారు. ముల్లు నూర్పిడికీ అడ్డమే, అందుకే అదీ తగ్గుతూ వచ్చింది. బాస్మతి లాంటి కొన్నింటికి ఇంకా ఉంటుంది.

మరో సభ్యురాలు: విత్తనపు చేలో వేరు రకం మొక్కల్ని మేం కేళీలు, బెరుకులు అంటామండీ. కంకి వేశాక ముల్లున్నవి ఇట్టే దొరుకుతాయి. కానీ లేతగా ఉన్నప్పుడు నివ్వరి అచ్చం వరిలాగే ఉంటుంది. కలుపు తీసేటప్పుడు పోల్చుకోలేం.

జవాబు: మంచి మాట చెప్పారమ్మా. దాన్ని అలా తయారుచేసింది కలుపు తీసే చేతులే. తేడాగా కనపడిన మొక్కని పీకేశాం, వరిని పోలింది బతికిపోయి గింజ రాల్చింది. మన దేశంలో కొన్నిచోట్ల దీనికి విరుగుడుగా ఊదారంగు ఆకుల వరి వేశారు, పచ్చగా ఉన్నదల్లా కలుపేనని గుర్తుపట్టడానికి. నివ్వరి ఆ వరితోనే సంకరమైంది. పచ్చవాటిని పీకే కొద్దీ ఊదావి మిగిలాయి, కొన్నేళ్లకి కలుపు కూడా ఊదారంగుకి తిరిగింది!

ఇంకో సంగతి. శాస్త్రవేత్తలు శర్మ, శాస్త్రి 1965లో ఈ జాతికి ఒరైజా నివరా అని పేరు పెట్టారు, మన నీవారమే అది. తర్వాత సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు ఆసియా వరి పొలాల్ని గిడసబార్చినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలు వెతికింది. తెగుల్ని బాగా తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన నివ్వరి ఒక్కటే. 1976లో విడుదలైన ఐఆర్36 అనే వరి రకానికి ఆ గుణం దాన్నుంచే వచ్చింది.