హాలీవుడ్ రచయిత్రి ఫ్రాన్సెస్ మారియన్ సినిమాలు చూసినవాళ్ళున్నారా?

రీలుపెట్టె:
రాత్రి 'ది బిగ్ హౌస్' (1930) చూశా. జైలు కథ. భోజనాల హాల్లో గొడవయ్యాక బుచ్ అనే ఖైదీని చీకటి కొట్లోకి తీసుకెళ్తారు. వెళ్ళేముందు తన కత్తిని మెల్లగా పక్కవాడికి దాటిస్తాడు. అది చేతులు మారి మారి, కొత్తగా వచ్చిన పిరికి కుర్రాడి దగ్గర తేలుతుంది. గార్డులు సెల్ సోదా చేసేలోపు వాడు దాన్ని అదే సెల్లో ఉండే మోర్గాన్ పరుపులో దాచేస్తాడు. మోర్గాన్‌కి రావాల్సిన పెరోల్ కాస్తా పోయింది! చిన్న కత్తితో ముగ్గురి బతుకులు తిప్పేసింది. దీనికే ఆస్కార్ వచ్చిందట. నటనకి కాకుండా ఆస్కార్ అందుకున్న తొలి మహిళ ఈవిడే. ఇంకేం చూడమంటారు?

సత్యవతి_జి:
ఆవిడ శాన్ క్వెంటిన్ జైలుకి స్వయంగా వెళ్ళి చూసొచ్చి రాశారండీ. ముందు పత్రికల్లో పనిచేసిన మనిషి, మొదటి ప్రపంచయుద్ధంలో విలేకరిగా యూరప్ కూడా వెళ్ళారు. ఆ చూపు కనిపిస్తుంది.

మీరు 'ది విండ్' (1928) చూడండి. మూకీ. మొజావే ఎడారిలో విమానం ప్రొపెల్లర్లు పెట్టి గాలిదుమ్ము లేపారు. లిలియన్ గిష్ తనమీద పడ్డవాణ్ణి కాల్చేసి ఇసుకలో పాతిపెడుతుంది. తర్వాత కిటికీలోంచి చూస్తుంటే గాలి ఆ ఇసుకని కొంచెం కొంచెంగా ఊడ్చేస్తూ ఉంటుంది. మేం డల్లాస్‌లో లైవ్ పియానోతో చూశాం. అక్కడికొచ్చేసరికి హాల్లో ఒక్కరు కదల్లేదు.

కొత్తపెన్:
300 సినిమాలు రాసిందంటారు కదా, నమ్మొచ్చా?

సత్యవతి_జి:
పేరు పడినవే వందకు పైన ఉన్నాయి. మిగతాది లెక్కపెట్టేవాళ్ళ ఓపిక 🙂

డైలాగ్‌బాబు:
పేరు పడటం అన్నారు కాబట్టి చెప్తున్నా. నేను ఓ రైటర్ గారి దగ్గర అసిస్టెంట్‌ని. సిట్టింగుల్లో నేను చెప్పిన ఇంటర్వెల్ బ్లాక్ తెరమీదకొచ్చింది, టైటిల్స్‌లో నా పేరు మాత్రం రాలేదు. అందుకే నాకు ఈవిడలో నచ్చింది సినిమాలకంటే ఇది: 1933లో స్క్రీన్ రైటర్స్ గిల్డ్ (సినిమా రచయితల సంఘం) పెట్టినప్పుడు ఉపాధ్యక్షురాలిగా నిలబడింది. అప్పటికే రెండు ఆస్కార్లు, హాలీవుడ్‌లో పెద్ద జీతం. తనకోసమైతే సంఘం అక్కర్లేదు.

రీలుపెట్టె:
రెండోది 'ది చాంప్' కదా? అది నాకు ఎక్కలేదు బ్రో. పిల్లాడు ఏడుస్తుంటే మనల్నీ ఏడిపించాలనే పట్టుదల ఎక్కువ.

బెజవాడబుల్లోడు:
జాకీ కూపర్‌ని ఏమీ అనకండి! 😤 నేను ఏడ్చా, మా నాన్న కూడా.

సత్యవతి_జి:
మేరీ డ్రెస్లర్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాతకాలపు పెద్ద నటి, వయసు మీదపడ్డాక పిలిచేవాళ్ళు లేరు. మారియన్ పాత స్నేహం మర్చిపోకుండా ఆవిడకోసం 1927లో ఒక కామెడీ రాసింది. ఐరిష్ అమెరికన్లు గొడవచేస్తే స్టూడియో ఆ సినిమానే వెనక్కి తీసేసుకుంది. అయినా వదల్లేదు. 'అన్నా క్రిస్టీ' (1930)కి జనం వెళ్ళింది మూకీల స్టార్ గ్రెటా గార్బో గొంతు మొదటిసారి వినడానికి, అందులో తాగుబోతు ముసలావిడగా డ్రెస్లర్ అందర్నీ తనవైపు తిప్పుకుంది. అదే ఏడు 'మిన్ అండ్ బిల్'. అరవై దాటాక ఉత్తమ నటి ఆస్కార్!

కొత్తపెన్:
మన దగ్గర అరవై దాటినావిడకి పూజగదిలో హారతిచ్చే వేషమేగా.

రీలుపెట్టె:
'మిన్ అండ్ బిల్' దొరికే చోటు తెలిస్తే పెట్టండి. 'ది విండ్' అయితే అమెరికాలో 2024 నుంచి కాపీరైట్ లేదు, వెతికితే దొరుకుతుంది. మంచి ప్రింటు చూసుకోండి, మసక ప్రింట్లో ఇసుకా మనిషీ ఒకేలా కనిపిస్తాయి.