‘కనికరము తీర్పును మించి...’ అతిశయించునా, అతిశయపడునా?

గుణదల పాఠకురాలు: బైబిల్లో యాకోబు పత్రిక (లేఖ)లోని ఈ మాట రెండ్రోజులుగా నన్ను వదలట్లేదు. చివర ‘అతిశయించును’ అనా, ‘అతిశయపడును’ అనా? మాటలు మానేసిన తోడికోడలికి ఫోన్ చేసేముందు సరిగ్గా చదువుకోవాలనిపించింది.

బ్రాడీపేట: 2:13, ‘అతిశయపడును’. ఆ ‘పడు’లోనే ఉందండీ అంతా. అతిశయించడం మించడం, అతిశయపడడం గొప్పపడడం. ‘మించి’ అన్నాక మళ్లీ మించడమెందుకు?

కొరిటెపాడు మాస్టారు: ఆ తేడా నిలవదు. గలతీ 6:14లో సిలువయందు తప్ప ‘అతిశయించుట’ దూరమవునుగాక అన్నాడు పౌలు. ఎఫెసీ 2:9లో ‘ఎవడును అతిశయపడ వీలులేదు’. రెండుచోట్లా గొప్ప చెప్పుకోవడమే, గ్రీకులోనూ ఒకే క్రియ. యాకోబు దానికి ముందు ‘కత’ అనే గ్రీకు ఉపసర్గ చేర్చాడు, అంటే ఎదుటిదానిపై గెలుపు. మన ‘మించి’ అక్కణ్ణించే వచ్చింది.

బ్రాడీపేట: మరి అతిశయోక్తిలో అతిశయం మించడం కాదా మాస్టారూ? ‘ఇంచు’కి ఆ పాత అర్థం ఎక్కడికీ పోలేదు.

పటమట: అధ్యాయం మొదలు చూడండి. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి కాళ్లదగ్గర. ఇది చదివితే నాకు కవి జాషువాగారి ‘గబ్బిలం’ గుర్తొస్తుంది. గుడి గడప తొక్కనివ్వని తంజావూరు పేదవాడు తన మొర కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దానికైతే గుళ్లోకి అడ్డు లేదు కదా! కనికరం లేని తీర్పంటే ఆ గడపే.

కొరిటెపాడు మాస్టారు: ‘గబ్బిలం’ సరే, ఈ చర్చకి ‘క్రీస్తు చరిత్ర’ దగ్గర. 1964లో ఆయనకి సాహిత్య అకాడెమీ అవార్డు దానికే. మన వినుకొండ కవిని ఒక్క పుస్తకంతో సరిపెట్టకండి.

పటమట: సరిపెట్టలేదండీ. ఆకలి, అవమానం తెలిసినవాడు కరుణ అంటే ఆ మాటకి బరువే వేరు.

గుణదల పాఠకురాలు: ఇంతకీ ఆ అతిశయం ఎవరిది? క్షమించిన మనిషిదైతే నాకు భయం. మత్తయి 18లో పదివేల తలాంతుల కొండంత అప్పు మాఫీ అయినవాడే నూరు దేనారాలకి తోడిదాసుడి గొంతు పట్టుకున్నాడు. దేనారమంటే ఒక రోజు కూలి. నా లెక్క ఆ నూరే.

కొరిటెపాడు మాస్టారు: కర్త కనికరమేనమ్మా, మనిషి కాదు. ఫోన్ చెయ్యండి.

బ్రాడీపేట: చెయ్యండి తప్పకుండా. ‘పడు’ మాత్రం నేను వదలను. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.