ఎనిమిది నెలలు కట్టేసి ఉంచిన గుర్రానికి మళ్ళీ జీను వేయడం ఎలా?

ప్రశ్న (నెల్లిమర్ల దగ్గరి పల్లె నుంచి)

నమస్కారం. మా ఇంట్లో తొమ్మిదేళ్ళ కాఠియావాడీ జాతి ఆడగుర్రం ఉంది. నాన్నగారు దానిని పెళ్ళి ఊరేగింపులకు తీసుకువెళతారు, తక్కిన రోజుల్లో నేను స్వారీ చేస్తాను. కిందటి కార్తీకంలో ఒక ఊరేగింపు నుంచి తిరిగివస్తుండగా కాలువ మీది పలక విరిగి ఎడమ ముంగాలు అందులో దిగబడింది. మోకాలి కింద వెనుకవైపు ఉండే నరం, అంటే స్నాయువు, దెబ్బతిన్నది. ఈమధ్య స్కానింగ్ చూసిన పశువైద్యులు గాయం పూడుతోందని, నెమ్మదిగా స్వారీ మొదలుపెట్టవచ్చని చెప్పారు. ఎంత నెమ్మదిగా అని అడగడం ఆ క్షణాన నాకు తట్టలేదు.

రెండు నెలలుగా రోజూ అరగంట చేత్తో పట్టుకొని నడిపిస్తున్నాము. పగ్గం కాస్త వదులు చేస్తే గంతులు వేస్తోంది. జీను చూపిస్తే మాత్రం కొసలు కలిసే ఆ చెవులను వెనక్కి వాల్చేసి, పొట్ట ఉబ్బించి, పట్టీ బిగించనివ్వడం లేదు. దసరా తరువాత వచ్చే విజయనగరం సిరిమానోత్సవం వారంలో ఒక ఊరేగింపు బేరం వచ్చింది. అప్పటికి సిద్ధం చేయవచ్చునా?

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

అమ్మా, నేను సైన్యంలో గుర్రాలు మొదలైన జంతువులను చూసుకునే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌లో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. సిరిమానుకు వద్దు, మాఘమాసం పెళ్ళిళ్ళకు చూసుకోండి.

కారణం చెబుతాను. పని మొదలుపెట్టాక గుర్రానికి ఊపిరీ కండా రెండు మూడు నెలల్లో తిరిగివస్తాయి గాని, స్నాయువు గట్టిపడడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది, అతుక్కున్న చోట మునుపటి సాగుడు గుణం పూర్తిగా రాదు. అందువల్ల గుర్రం హుషారును చూసి కాలు బాగుపడిందనుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. నేనూ ఒకసారి ఆ ఉత్సాహానికి లొంగి ఒక గుర్రాన్ని నెల ముందే పరుగెత్తించాను. మర్నాడు తెల్లవారేసరికి కాలు అరటిదూటలా వాచి ఉంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

మొదటి వారం జీను వేసి, మనిషి ఎక్కకుండా నడిపించండి. పట్టీని ఒకేసారి బిగించక, నాలుగడుగులు వేయించి ఒక రంధ్రం, మరికొంత నడిపించి ఇంకొక రంధ్రం చొప్పున బిగిస్తే పొట్ట ఉబ్బించడం మానుతుంది. అయితే అది మొండితనం కాకపోవచ్చు. ఇన్ని నెలల్లో వెన్నుకు ఇరుపక్కలా కండ తరిగి, పాత జీను మూపు మీద కూర్చుంటూ ఉండవచ్చు. మీరు ఎక్కిన తరువాత మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ళు దూరుతున్నాయో లేదో ఎవరిచేతనైనా చూపించుకోండి.

ఆ తరువాత మీరు ఎక్కి ఇరవై నిమిషాల నడక మాత్రమే, వారానికి ఐదు నిమిషాల చొప్పున నలభై ఐదు వరకు పెంచండి. ట్రాట్, అంటే నడకకు మించిన దుడుకు అడుగు, అటుపైన, తిన్నని దారిలో రెండు మూడు నిమిషాలతో మొదలు. మరొకసారి స్కానింగ్ చేయించి, వైద్యులు సరేనన్నాకనే క్యాంటర్, అంటే తేలికపాటి పరుగు. పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పడం ఇప్పట్లో పూర్తిగా మానేయండి, మలుపులో ఒక వైపు కాళ్ళ మీద భారం ఎక్కువ పడుతుంది. చంపావతి నది ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని అటు తీసుకువెళ్ళవద్దు, పొడి ఇసుకలో మడమ దిగి స్నాయువు అతిగా సాగుతుంది. తారు రోడ్డు మీద నడక మంచిదే, ట్రాట్ వద్దు. వాన తెరిపిచ్చి గట్టిపడిన చెరువుగట్టు అన్నిటికంటే మేలు.

రోజూ బయటికి తీసే ముందు అరచేతి వెనుకభాగంతో రెండు ముంగాళ్ళనూ తడిమి పోల్చండి. ఎడమది వెచ్చగా తగిలినా, కాస్త లావుగా అనిపించినా ఆ రోజు స్వారీ లేదు, వైద్యులకు చూపించండి. నొప్పి మందు ఇచ్చి ఎక్కితే కాలు చెప్పే మాట మీకు వినబడదు.

సమాధానం (గరివిడి నుంచి)

పై మాటలకు రెండు చేర్చుతాను. ఉలవలు తగ్గించారా? పని లేని గుర్రానికి పాత మోతాదులో ఉలవలు పెడుతూ హఠాత్తుగా పని చేయిస్తే వెనుక కండరాలు బిగుసుకుపోయి మూత్రం కాఫీ రంగులో వస్తుంది, అది ప్రాణాపాయం. గిట్టలు కూడా చూపించండి. ముందు కొస పెరిగిపోయి ఉంటే ప్రతి అడుగుకూ ఆ స్నాయువే లాగుడు పడుతుంది, నాడా వేసే ముందు కత్తిరింపు సరిగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

బాబాయిగారూ, నేను ఎక్కాక చూస్తే జీను కింద ఒక్క వేలు కూడా దూరలేదు. మూపు మీద రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు అరిగి ఉన్నాయి, ఇన్నాళ్ళూ ఆ మచ్చను ఈగల పని అనుకున్నాము. ఉలవలు సగానికి తగ్గించాము. నాన్నగారు బేరం వదులుకున్నారు గాని, మాఘానికైనా పెళ్ళికొడుకును మోస్తుందా అని అడుగుతున్నారు.

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

మచ్చ మానేవరకు జీను వేయకండి, చేత్తో నడిపించండి చాలు. మీ గుర్రం 350 కిలోలు ఉంటుందనుకుంటే జీను, అలంకారం, పెళ్ళికొడుకు కలిపి 70 కిలోలు దాటకూడదు, కాబట్టి బేరం మాట్లాడే ముందు పెళ్ళికొడుకు బరువు కూడా కనుక్కోమని నాన్నగారితో చెప్పండి. బ్యాండు, బాణసంచా చప్పుళ్ళను పుష్యం నుంచి దూరాన మొదలుపెట్టి కొద్దికొద్దిగా దగ్గర చేయండి. బెదిరి పక్కకు దూకిందంటే ఆ బరువంతా పడేది ఆ ఎడమకాలి మీదనే.